పొగగొట్టపు గోడకు చెమ్మ

వానాకాలము రాగానే మన ఇండ్ల గోడలపై అక్కడక్కడ తడిమచ్చలు పుట్టుట శ్రోతలందరు ఎరిగినదే. నేలలోనుండి పైకి ప్రాకు చెమ్మ ఒకటి, డాబా కారుటచే దిగు చెమ్మ మరియొకటి. వీని సంగతి మేస్త్రీలకు చక్కగా తెలియును. నేడు మేము చెప్పబోవునది ఈ రెంటికిని చెందనిది. పూర్వము కట్టెలపొయ్యి ఉండి, గ్యాసు వచ్చిన పిమ్మట మూతపడిన పొగగొట్టము గల ఇండ్లలో, ఆ గొట్టపు గోడకు పట్టు చెమ్మ. దీని మూలమున మేము ఒక పెద్దమనిషితో పదునాలుగు నెలలు మాటలు లేకుండ ఉంటిమి గనుక, దీనిని గూర్చి ప్రసంగించుటకు మాకు కొంత అర్హత కలదనుకొనుచున్నాము.

కాకినాడలో మా తాతగారు 1938లో కట్టించిన ఇల్లు మాది. వంటయింటి పడమటి గోడలో ఇటుకల పొగగొట్టము డాబాపైకి లేచి యుండును. ఆ గోడ మాకును పొరుగింటి మాష్టారికిని ఉమ్మడి. యాభై ఏండ్లకు పైగా ఆ పొయ్యిలో సరుగుడు కట్టెలు, కొబ్బరి డొక్కలు మండినవి. 1992లో గ్యాసు వచ్చినది. పావురములు గూళ్ళు పెట్టుచున్నవని 2018లో మేము గొట్టముపైన సిమెంటు పలక పరపించి, దిగువ నోటిని ఇటుకలతో మూయించి, దానిపై నున్నగా సిమెంటు పూత వేయించితిమి. చూచుటకు ముచ్చటగనే ఉండెను.

2020 వానలలో ఆ గోడపై, మనిషి ఎత్తున, పళ్ళెమంత మచ్చ కనబడినది. నడుమ తడి, అంచున టీ డికాక్షను రంగు. రంగు పొక్కులు లేచి, పెచ్చులు ఊడజొచ్చెను. మేస్త్రి డాబా ఎక్కి, గొట్టము చుట్టునున్న గచ్చు పగిలినదని చెప్పెను. పగులు నిజమే. పూడ్పించితిమి. మచ్చ పోలేదు. చెమ్మను ఆపునని డబ్బామీద వ్రాసియున్న రంగును రెండుమారులు పూయించితిమి. మూడు నెలలకు ఆ రంగు అప్పడమువలె ఉబ్బి రాలినది. అప్పుడు మా చూపు గోడకు అవతలనున్న మాష్టారి స్నానాలగదిపై పడెను.

ఆయన మాకు ఆరవ తరగతిలో లెక్కలు చెప్పినవారు. 2021 నవంబరులో ఒక ఉదయమున వారి గుమ్మములో నిలిచి, "మీ స్నానాలగది నీళ్ళే మా గోడను తినేస్తున్నాయి మాష్టారూ" అంటిమి. ఆయన నెమ్మదిగా, "మా పైపులన్నీ అవతలి గోడకున్నాయి నాయనా, లోపలికొచ్చి చూసుకో" అనిరి. మేము లోనికి పోలేదు, చూడలేదు. ఆ నాటినుండి వీధిలో ఎదురుపడినను తలలు త్రిప్పుకొని పోవుచుంటిమి.

2023 సంక్రాంతికి మాష్టారు సకుటుంబముగా హైదరాబాదులోని కుమార్తె ఇంటికి పోయిరి. ఇంటికి తాళము. వానలు నిలిచి చాలదినములైనది. స్నానాలగదిలో చుక్క నీరు పడు వీలు లేదు. అట్టి దినములలో, మంచు దట్టముగా కమ్మిన ఒక ఉదయమున, మా గోడ నిగనిగలాడుచు తడిసియున్నది! మధ్యాహ్నము రెండు గంటలకు చూడగా పొడిబారి, తెల్లని పిండివంటి ఉప్పు తేలినది.

మేము ఆశ్చర్యపడుచుండగా మా అమ్మగారు ఉప్పుజాడీ మూత తీసి చూపి, "ఉప్పు చెమర్చిన రోజునే ఆ గోడా చెమరుస్తుంది. ఎప్పుడో చెప్పాను, నువ్వు విన్లేదు" అనిరి. డిగ్రీలు గోడకు తగిలించుకొన్న మాకు ఆ గోడ సంగతి తెలియలేదు. ఆకాశవాణిలో గాలిలోని తేమ ఎంత శాతమో ఎన్నిసార్లు చదివితిమో లెక్కలేదు గాని, ఆ అంకె మా వంటయింటికి వర్తించునని తోచలేదు.

అసలు జరుగునది ఇది. కట్టెలు కాలినప్పుడు పొగతోపాటు లవణములును గొట్టములో ఎగసి, మసితో కూడి ఇటుకలలోనికి ఇంకును. కొబ్బరి డొక్కలలో అట్టి లవణములు మెండు. ఈ లవణములు గాలిలోని తేమను పీల్చుకొనును. మనము తిను ఉప్పే గాలిలో తేమ సుమారు 75 శాతము మించగానే నీరు కారును. మసిలోని కొన్ని లవణములు అంతకంటె తక్కువ తేమకే కరగును. సముద్రతీరమున తేమ ఆ మేరకు పెరుగుట అరుదు కాదు. టీ రంగు అంచు మసిలోని తారు వలన కలిగినది.

మరి పూర్వమేల కనబడలేదు? పొయ్యి వేడి గొట్టమును ఆరబెట్టుచుండెను; పైకి పోవు గాలి తేమను కొనిపోవుచుండెను. మేము రెండు మార్గములను మూసితిమి. పైగా గ్యాసు మండుటచేతను నీరు పుట్టును. 14.2 కిలోల సిలిండరు ఖాళీయగు లోపల సుమారు 22 లీటర్ల నీరు ఆవిరిగా వంటయింటిలో చేరును. కిటికీ మూసి వండుచో అది చల్లని గోడలను వెదకుకొనును. గోడలోని తడి బయటికి ఆరిపోకుండ మా సిమెంటు పూత అడ్డుపడినది.

ఇది మన ఊళ్ళకే పట్టిన పీడ కాదు. 1952 డిసెంబరులో లండను నగరమును విషపు పొగమంచు కమ్మి వేలాది జనులు మరణించిన పిమ్మట, 1956లో అచ్చట శుభ్రమైన గాలికై చట్టము చేసిరి. బొగ్గుపొయ్యిలు క్రమముగా మూతపడినవి. గాలి ఆడకుండ మూసిన గొట్టముల గోడలకు అచ్చటను ఇట్టి మచ్చలే పుట్టినవి.

శ్రోతలలో ఎవరికైన ఇట్టి మచ్చ ఉన్నచో ముందు మేస్త్రిని పిలువవలదు. ఒక నోటుపుస్తకము తీయుడు. మచ్చ తడియగుట వాన కురిసిన నాడా, వాన లేని ఉక్కనాడా, నెలదినములు వ్రాసిపెట్టుడు. వాన వెంటనే వచ్చుచో డాబా చూడవలెను. నేలనుండి మూడు నాలుగడుగుల లోపలనే ఉన్నచో పునాది చూడవలెను. పొడిగానున్న నాడు మచ్చపై జానెడు ప్లాస్టిక్ కాగితమును నాలుగు అంచుల అంటించి రెండు దినములు విడువుడు. కాగితము వెనుక తడిసినచో నీరు గోడలోనిది; ముందు వైపు తడిసినచో గదిగాలిలోనిది.

మేము చేసినది చెప్పెదము. గొట్టముపైని పలకను నాలుగు ఇటుకలపైకి లేపి, సందులకు పావురము దూరని తీగజాలి కొట్టించితిమి. మూడు గంపల మసి దిగినది. ముక్కునకు గుడ్డ కట్టుకొనక ఆ పని చేయరాదు. దిగువ మూసిన చోట గాలి ఆడునట్లు జాలీ పెట్టించితిమి. మచ్చకు చుట్టును అడుగు మేర సిమెంటు పూతను ఇటుక కనబడువరకు చెక్కించి, ఎండకాలమంతయు అట్లే వదలితిమి. చుట్టములు వచ్చి, "ఇదేమిటండీ, ఇల్లు కూలుస్తున్నారా?" అని అడిగిరి. పిమ్మట ఒక వంతు గానుగసున్నమునకు మూడు వంతుల ఇసుక కలిపి పూయించి, పైన వెల్ల వేయించితిమి. ఉప్పు తేలినప్పుడు పొడి కుంచెతో దులుపవలెను. తడిగుడ్డతో తుడిచినచో అది కరిగి మరల లోనికే పోవును. గీజరు పొగ గాని, మరే పొయ్యి పొగ గాని ఇంకను ఆ గొట్టము గుండ పోవుచున్నచో దానిని మూయుట ప్రాణాపాయకరము.

మచ్చ పూర్తిగ పోయినదని చెప్పము. ఇటుకలలోని ఉప్పు ఇటుకలలోనే ఉన్నది. ఉక్కదినములలో అరచేయంత తడి ఇప్పటికిని కనబడును.

మాష్టారు తిరిగివచ్చిన సాయంత్రమున వారింటికి పోయి, నోటుపుస్తకము వారి ముందుంచి, తప్పు ఒప్పుకొంటిమి. ఆయన కళ్ళజోడు పెట్టుకొని ప్రతి పుటను చదివి, "ఆరో తరగతిలో కూడా నువ్వింతే. ప్రశ్న పూర్తిగా చదవకుండానే జవాబు రాసేవాడివి" అనిరి. తరువాత మమ్ము తమ వంటయింటిలోనికి తీసికొనిపోయి, బీరువా ప్రక్కకు జరిపి, దాని వెనుక గోడను చూపిరి. వారి పొగగొట్టమును మూసి ఉండెను. బీరువా వెనుక, మనిషి ఎత్తున, అదే టీ రంగు మచ్చ. మా పని ముగించిన మేస్త్రినే వారింటికి పంపితిమి.