పది అయ్యాక ఆ పిల్ల ఎక్కడికెళ్తోంది?

ఏజెన్సీలో చిన్న వయసు గర్భాల మాట రాగానే "వాళ్ల ఆచారమే అంత" అని కామెంట్ పెట్టేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్ మొత్తంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశంలో 6.8. మరి ఇదెవరి ఆచారమండీ?

పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో ఉన్నన్నాళ్లూ చదువు, భోజనం, పడక అన్నీ అక్కడే. పది అయ్యాక ఇంటర్ సీటు దొరక్కపోతే పిల్ల ఇంటికొచ్చేస్తుంది. పోడు పని, తర్వాత పెళ్లి.

ఇంకోటుంది. 18 నిండని అమ్మాయి గర్భవతి అని తెలిస్తే, పెళ్లయినా సరే, పోక్సో చట్టం కింద ఆసుపత్రి వాళ్లు పోలీసులకు చెప్పాల్సిందే. మొగుణ్ణి జైల్లో పెడతారని కొందరు వయసు దాస్తారు, కొందరు చెకప్‌కే రారు. అసలే రక్తం తక్కువున్న పిల్ల! చట్టం వద్దనట్లేదు నేను. దగ్గర్లో కాలేజీ, హాస్టల్ ఉంటే అంతదాకా రాదంటున్నా.

మీ ఊరికి జూనియర్ కాలేజీ ఎంత దూరమో కింద రాయండి.