నాల్గవ వాని పరుగు

పెద్దలారా,

నేడు నేను పరుగుపందెమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. పిల్లల యాటతో మాకేమి పని యని మీరనవచ్చును. పరుగెత్తుట నేర్పువారము మేమే గాని, తిరిగివచ్చిన బాలురలో ఎవ్వనిని మెచ్చవలెనో నిర్ణయించువారు మీరు. ఆ మెప్పులోనే యొక పొరపాటు జరుగుచున్నది.

క్రాస్ కంట్రీ యను పందెము చదునైన మైదానమున జరుగునది కాదు. గడ్డినేల, బురద, మిట్టపల్లముల మీదుగా సాగునది. ఇందు ఒక్కొక్కనికి బహుమానముండుటయే గాక జట్టునకును ఉండును. ప్రపంచపు పోటీలలో పెద్దల జట్టునకు ఆరుగురు వరకు పరుగెత్తుదురు. ముందుగా చేరిన నలుగురి స్థానములను కూడుదురు. మొత్తము ఎవరికి తక్కువయో వారిదే గెలుపు. ఒక జట్టువారు 1, 12, 15, 20 స్థానములలో వచ్చిరనుకొనుడు, మొత్తము 48. వేరొక జట్టువారు 4, 5, 6, 7 స్థానములలో వచ్చిరి, మొత్తము 22. ప్రథముడు లేని జట్టే గెలిచినది! నలుగురు చేరని జట్టునకు లెక్కయే లేదు.

1924వ సంవత్సరము జూలై 12వ తేదీన పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఈ పందెము మండుటెండలో జరిగెను. 38 మంది బయలుదేరగా 15 మంది మాత్రమే గమ్యము చేరిరి. నాడు జట్టునకు ముగ్గురిని లెక్కించిరి. ఫిన్లాండు వారిలో పావో నూర్మి ప్రథముడుగను, విల్లె రితోలా ద్వితీయుడుగను వచ్చిరి. అయినను మూడవవాడు రానిదే జట్టునకు పతకము లేదు. ఆ మూడవవాడైన హైక్కి లీమతైనెన్ గమ్యమునకు చేరువలో నిలిచిపోయి, దిక్కు తెలియక వెనుదిరిగెను. చూపరులు కేకలు వేయగా మరల తిరిగి, పండ్రెండవవాడుగా గీత దాటెను. స్వర్ణపతకము ఫిన్లాండు జట్టునకు దక్కెను. అటుపిమ్మట ఆ పందెమును ఒలింపిక్ క్రీడలనుండి తొలగించిరి.

ఇక నా తప్పు చెప్పెదను. ఒకప్పుడు మన శేరిగూడ బాలురను నలుగురిని పందెమునకు తీసికొనిపోయితిని. అందొకడు మిక్కిలి వేగము గలవాడు. "వానిని విడువక వెంట పొండు" అని తక్కిన ముగ్గురితో చెప్పితిని. ఊపిరికి మించిన వేగమున పోయినవాడు తొలుత గడించినదానిని కడపట పోగొట్టుకొనును. అట్లే జరిగినది. నాల్గవవాడు నడిదారిలో కూలబడెను. మొదటివాడు ప్రథముడుగా వచ్చెను గాని, మా జట్టు లెక్కలోనికే రాలేదు. ఊరిలో మొదటివానికి దండ వేసితిరి. నాల్గవవాని తండ్రి, "వీనికి పరుగెందుకు?" అని మాన్పించెను. వాడు ఓడలేదు, నేను ఓడించితిని. ఆ మాట ఆనాడు ఆ తండ్రితో చెప్పజాలనైతిని.

ఇప్పుడు వేరుగా నేర్పుచున్నాను. వేగము గలవానిని వాని వేగమునకు విడిచెదను. తక్కిన ముగ్గురు సగము దారి కలిసియే పోవలెను. నాల్గవవాడు ఆయాసపడక రెండు మాటలు పలుకగలిగినంత వేగమే ఆ ముగ్గురి వేగము. మిట్ట యెక్కునపుడు అడుగు కురుచ చేయవలెను. వేగము తగ్గిన తగ్గనిండు, ఊపిరి చెదరరాదు. సగము దాటిన పిమ్మట ఎవ్వని శక్తి కొలది వాడు ముందునకు పోవలెను. అభ్యాసము తెల్లవారుజామునే గాని యెండలో కూడదు.

ఇబ్రహీంపట్నము పెద్దచెరువు కట్ట ఎంత పొడవైనను, గండి పడునది బలము చాలని చోటనే గదా! కట్టను కాచు పెద్దలు ఆ చోటనే మట్టి వేయింతురు. బాలుర విషయమునను అట్లే చేయుడు. ఈసారి జట్టు తిరిగివచ్చినపుడు, "ముందెవడు వచ్చెను?" అని అడుగుటకు మునుపు, "నలుగురును చేరితిరా?" అని అడుగుడు. కడపట చేరినవానిని పేరు పెట్టి పిలిచి, వాని తండ్రి యెదుట భుజము తట్టుడు. నేను నాడు చెప్పలేని మాటను మీరు చెప్పినవారగుదురు.