ఒకవైపు తెరవని రైలుపెట్టె

పాత రైలుపెట్టెను కాపాడుట యనగా దానికి రంగువేసి ప్రదర్శనశాలలో నిలుపుటయే యని పలువురు తలచుచున్నారు. వేల్సుదేశమున తాలిల్లిన్ రైలుదారిని నడుపువారి తలపు వేరు.

సముద్రతీరమునందలి టవిన్ పట్టణమునుండి కొండలలోనికి పోవు నీ దారిలో పట్టాల నడిమి యెడము 2 అడుగుల 3 అంగుళములే. పలకరాతి గనికొరకు దీనిని వేసిరి. 1866లో ప్రయాణికులను గూడ నెక్కించుకొనదలచినప్పుడు ప్రభుత్వపు తనిఖీ అధికారి కెప్టెన్ టైలరు వచ్చి యొక చిక్కు కనిపెట్టెను. దారిమీది వంతెనలు మిక్కిలి ఇరుకు. వాని క్రింద బండి ఆగిపోయినచో ఏ వైపునను తలుపు తెరచి దిగుటకు చోటు చాలదు. వంతెనలు మరల కట్టుటకు డబ్బు కావలెను గదా! అందుచే పెట్టెల కొకవైపు తలుపులను శాశ్వతముగా బిగించివేసి, వంతెనల క్రింద పట్టాలను ఆ మూసిన వైపునకు జరిపిరి. రెండవవైపున మనిషి దిగునంత చోటు దొరకెను. ఆనాటి గార్డు వ్యానునకు ఒక చిన్న కిటికీ కలదు. ఉద్యోగి లేని మజిలీలలో దానినుండియే టిక్కెట్లు అమ్మెడివారు. దానిని కదలెడి స్టేషను అనవచ్చును.

గని 1946లో మూతపడెను. యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్సు బ్రతికియున్నంతకాలము బండిని నడిపించి 1950లో మరణించెను. రచయిత ఎల్. టి. సి. రోల్ట్ మొదలగువారు సంఘముగా కూడి 1951 మే 14న మరల బండి కదలించిరి. ప్రపంచమున స్వచ్ఛంద సేవకులు చేపట్టి నిలిపిన మొదటి రైలుదారి యిదియే. అప్పటికి తొలినాటి రెండు ఇంజనులలో పనికివచ్చునది డోల్గోఖ్ ఒక్కటే.

తొలినాటి నాలుగు పెట్టెలును, గార్డు వ్యానును నేటికిని పట్టాలమీద నున్నవి. ఇచ్చట నొక ధర్మసందేహము కలుగును. కొయ్యపెట్టెకు నీరు పరమశత్రువు. అతుకులలో దిగిన తడి రంగుచాటున కనబడకుండ దూలమును తినివేయును. వడ్రంగి పుచ్చినంతవరకు కోసి, క్రొత్తకొయ్యను అతుకును. ఇట్లు పలుమారులు జరిగినపిదప మిగిలినది పాతపెట్టెయేనా? నడపకున్న అరుగుదల తగ్గునుగదా యని ప్రదర్శనశాలల పక్షమువారు వాదింతురు. అందు సత్యము లేకపోలేదు. అందుకనియే రద్దీ భారమును తరువాత చేర్చిన పెట్టెలపై నుంచి, పాతవానికి కొంత విశ్రాంతి నిచ్చుచున్నారు. కాని రథమునకు ఇరుసు మార్చినంతమాత్రమున రథము మారెనని మనమెవ్వరమును అనము. నడకలోని కుదుపు, కొయ్య కిఱకిఱలు, ఇంజను పొగ, ఇవి అద్దాల వెనుక దొరకవు.

నా దృష్టిలో కాపాడవలసిన ముఖ్యవస్తువు ఆ మూసిన తలుపు. క్రొత్తకొయ్య పెట్టునప్పుడు దానిని తెరచుకొనునట్లు చేయుట వడ్రంగికి కష్టము కాదు. అట్లు చేసినచో టైలరుగారి తనిఖీయు, కంపెనీవారి బీదతనమును ఒక్కపెట్టున చెరిగిపోవును. వారట్లు చేయలేదు. ప్రయాణికులు నేటికిని వేదికవైపుననే ఎక్కుచున్నారు. వంతెన వచ్చినపుడు మూసిన వైపున రాతిగోడ పెట్టెకు అతి చేరువగా సాగిపోవును.