పొడి డబ్బా కూడా డాక్టరుకు చూపాలి



చేతులు వణికే జబ్బును మన ఇళ్ళల్లో రాషా అంటాం. వణుకులు చాలా రకాలు. అది ఏదో తేల్చవలసింది డాక్టరే. వాటిలో ఒకటి కంపవాతం. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వివరించి రాశారు. మెదడులో డోపమిన్ తగ్గడం వల్ల ఇది వస్తుంది. లెవోడోపా మాత్ర ఆ లోటు పూడుస్తుంది.

మరి "బలానికి" అని దూలగొండి పొడి, అదే మన కౌంచ్ బీజ్, కూడా వేస్తే? ఆ గింజలోనూ లెవోడోపాయే ఉంది! రెండూ కలిసి మోతాదు మించితే ఒళ్ళు మెలికలు తిరగవచ్చు, లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడవచ్చు, లేనివి కనబడవచ్చు. ఇనుము మాత్ర కలిపి మింగితే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. బి6 విటమిన్ పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే నరాలే దెబ్బతిని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి.

హకీం సాబ్‌ను మేము తప్పుపట్టడం లేదు. ఆయన ఏమిచ్చారో డాక్టరుకు, డాక్టరేమిచ్చారో ఆయనకు తెలియాలంటున్నాం.

కాబట్టి అబ్బాజాన్‌ను ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు సీసాలు, డబ్బాలు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. ఏది ఏ వేళకు వేస్తున్నారో కాగితం మీద రాయండి. ఉర్దూలో రాసినా సరే, చదివి చెప్పేవారు వెంట ఉంటే చాలు. డాక్టరిచ్చిన మాత్రను మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపవద్దు, ప్రాణం మీదికి రావచ్చు. రంజాన్ రోజాలకు ముందే మాత్రల వేళలు అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

సెలవు.