చెరకుతోటలో రాజ్యాంగము

చోడవరమునకు చేరువనున్న గోవాడ గ్రామము పేరు వినగానే ఉత్తరాంధ్రమున ఎవరికైనను మొదట స్ఫురించునది చెరకు. 2022లో జిల్లాలను పునర్విభజించిన పిమ్మట ఆ గ్రామము అనకాపల్లి జిల్లాలో చేరినది గాని, మా వాడుకలో అది నేటికిని విశాఖజిల్లా గోవాడయే. అచ్చట రైతులే వాటాదారులుగా సహకార పద్ధతిని చక్కెర కర్మాగారము వెలసినది. గానుగ ఆడు దినములలో చెరకు బండ్లు కాటా ముందు బారులు తీరి నిలుచుటను చూచువానికి అది వట్టి వ్యాపారమువలె కనిపించును. కాని ఆ బండికిని, కాటాకును, పాలకవర్గమునకును, పాలించు ప్రభుత్వమునకును గూడ చట్టము గిరులు గీచియున్నది. రాజ్యాంగమనగానే మనము ఢిల్లీవైపు చూచుట పరిపాటి. నేడు గోవాడ కాటావద్దనే నిలుచుండి దానిని చూతము.

రైతు తాను పండించిన చెరకును నచ్చినవారికి, నచ్చిన ధరకు అమ్ముకొనవచ్చునా? రాజ్యాంగములోని 19వ అధికరణము ఏ వృత్తినైనను, వ్యాపారమునైనను సాగించు హక్కును పౌరునకిచ్చినది. ఆ అధికరణములోనే, సామాన్య ప్రజల హితమునకై సమంజసమైన ఆంక్షలు విధించు వీలును ప్రభుత్వమునకిచ్చినది. చెరకు సరఫరాను, కొనుగోలును క్రమపరచుటకు 1961లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము ఆ వీలునుండి పుట్టినదే. దాని క్రింద కర్మాగారమునకు కొంత ప్రాంతము జోనుగా ఏర్పడును. తొందరపడి చూచినచో ఇది రైతు మెడకు తగిలించిన పలుపువలె తోచును.

ఈ చట్టముపై నడచిన వ్యాజ్యమొకటి, ఆంధ్ర షుగర్స్ కంపెనీకిని మన రాష్ట్ర ప్రభుత్వమునకును నడుమ సాగి, 1968 నాటి న్యాయ నివేదికలకెక్కినది. చెరకు కొనుగోలుపై రాష్ట్రము పన్ను విధింపగా, కర్మాగారముల వారొక చిక్కు ప్రశ్న వేసిరి. కొనక తప్పదని చట్టమే శాసించినప్పుడు అది కొనుగోలెట్లగును? ఇరువురి ఇష్టము లేనిదే విక్రయము లేదు. విక్రయమే లేనిచో క్రయవిక్రయముల పన్ను వేయు అధికారము రాష్ట్రమున కెక్కడిది? ప్రశ్న తేలికయైనది కాదు. ‘విక్రయ’మను మాటను శాసనసభలు తమ యిచ్చ వచ్చినట్లు సాగదీయరాదని, మద్రాసు రాష్ట్రపు వ్యాజ్యమొకదానిలో సుప్రీంకోర్టే 1958లో చెప్పియుండెను. చెరకు విషయమున తీర్పు రాష్ట్రమునకు అనుకూలమైనది. చెరకును ఇవ్వజూపుటయో మానుటయో రైతు ఇష్టము. ఇవ్వజూపినచో మాత్రము కర్మాగారము కొనితీరవలెను. కావున అంగీకారమును ఉన్నది, విక్రయమును ఉన్నది, పన్నును చెల్లునని ధర్మాసనము నిర్ణయించినది.

పన్ను మాట యటుండనిండు. ఇవ్వను అనగల స్వేచ్ఛ రైతునకున్నదని అత్యున్నత న్యాయస్థానము గుర్తించినదే, అది మాకు ముఖ్యముగా తోచుచున్నది. ఈ ప్రాంతమున ఆ స్వేచ్ఛకు విలువ వచ్చినది అనకాపల్లి బెల్లపు మార్కెట్టువలన. తోటవద్దనే గానుగ పెట్టి, పెనములో పాకము కాచి, దిమ్మలు వేసి అనకాపల్లికి తోలగలిగిన రైతు, కర్మాగారముతో కొంత నిటారుగా నిలువబడి మాటాడగలడు. అట్టి మార్కెట్టు దరిదాపుల లేనిచోట అదే హక్కు కాగితము దాటి రాదు.

ఇక సొమ్ము సంగతి. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము క్రింద కేంద్రప్రభుత్వము 1966లో చెరకు నియంత్రణ ఉత్తరువును వెలువరించినది. చెరకు అందిన 14 దినములలో ధర చెల్లింపవలెననియు, ఆలస్యమైనచో సాలుకు నూటికి 15 చొప్పున వడ్డీ యీయవలెననియు అందు విధించిరి. ప్రయివేటు కర్మాగారమునకు ఇది సూటియైన కట్టడి. సహకార కర్మాగారమున కథ వేరు. బాకీపడినది ఎవరు? సంఘము. సంఘమన నెవరు? బాకీ రావలసిన ఆ రైతులే! వడ్డీ పట్టుబట్టి తీసికొన్నచో ఒక జేబులోని సొమ్ము రెండవ జేబులో పడును. తీసికొనకున్నచో పిల్లల చదువునకును, మరుసటి పంట పెట్టుబడికిని షావుకారు గడప ఎక్కవలసివచ్చును. ఈ ముడిని ఉత్తరువులు విప్పలేవు. సంఘమును ఎవరు నడుపుచున్నారు, లెక్కలు ఎవరికి చెప్పుచున్నారు అనుదానిని బట్టియే అది విడును, లేదా బిగియును. అందుచేతనే సభ్యుని ఓటు ఇంత విలువైనది.

సహకార సంఘమున ఒక ఎకరమువానికిని, ఇరువది ఎకరములవానికిని ఓటు ఒక్కటియే. ఆ ఓట్లతో ఏర్పడిన పాలకవర్గమును నిర్దిష్ట కారణములపై తొలగించి, వేరొకరిని పాలనకు నియమించు అవకాశము 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టమున కలదు. కొన్నియెడల అది అవసరమే. నిధులు మ్రింగు పాలకవర్గమును సభ్యుల నెత్తిన వదలివేయుట ధర్మము కాదు. కాని తాత్కాలికముగా వచ్చిన ‘పర్సన్ ఇన్‌చార్జి’ ఎన్నాళ్ళుండవలెను?

ప్రభుత్వపు చేయి మితిమీరకుండుటకు మన రాష్ట్రమే ఒక మంచి దారి తీసినది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము, తమ కాళ్ళపై తాము నిలువగోరు సంఘములకు స్వేచ్ఛ నిచ్చినది. విచిత్రమేమనగా, 2006లో ఆ శాసనసభయే పాడి సంఘములను ఆ చట్టమునుండి వెనుకటి తేదీతో తప్పించి 1964 చట్టము క్రిందికి మరల త్రోసినది. 2011 సెప్టెంబరు 2న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదనెను. ఒక విధమైన స్వేచ్ఛను నమ్మి కూడిన సభ్యులను, వారిని అడుగకయే, వేరొక కట్టడి గల సంఘముగా మార్చుట సంఘములేర్పరచుకొను హక్కునకు భంగమని తేలినది.

మరుసటి యేట, 2012 ఫిబ్రవరిలో, 97వ రాజ్యాంగ సవరణ అమలునకు వచ్చినది. సహకార సంఘమును ఏర్పరచుకొనుట పౌరుని ప్రాథమిక హక్కులలో చేరినది. కొత్తగా చేర్చిన తొమ్మిదవ-బి భాగమున, పాలకవర్గపు గడువు 5 ఏండ్లనియు, డైరెక్టర్లు 21 మందికి మించరాదనియు, బ్యాంకులు కాని సంఘములలో పాలకవర్గపు రద్దు 6 నెలలు దాటరాదనియు విధించిరి. సామాన్య సభ్యునకు ఇంతకంటె రక్ష ఏమి కావలెను?

అయినను, 2021 జూలై 20న సుప్రీంకోర్టు ఆ భాగమును, రాష్ట్రములలోని సంఘముల మేరకు, కొట్టివేసినది. గుజరాతు హైకోర్టు 2013లోనే అట్లు చెప్పియుండెను. ఆ నియమములు చెడ్డవని ఎవరును అనలేదు. సహకార సంఘములు ఏడవ షెడ్యూలున రాష్ట్రముల జాబితాలో 32వ అంశమున నున్నవి. ఆ అధికారమును కుదించు సవరణకు, 368వ అధికరణము ననుసరించి, కనీసము సగము రాష్ట్రముల శాసనసభలు ఆమోదము తెలుపవలెను. ఆ ఆమోదము పొందలేదు.

తీర్పు విన్ననాడు మా మనస్సు నొచ్చిన మాట దాచనేల? మేలుచేయు సవరణ పద్ధతి తప్పినదని కూలుట మాకు రుచింపలేదు. నిదానించి చూడగా, నియమితుల పాలనకు ఆరు నెలల గిరి గీచుటకై పార్లమెంటు తన గిరిని దాటవచ్చునన్నచో, రేపు ఆ ఆరు నెలలను ఆరేండ్లు చేయుటకును అట్లే దాటవచ్చును. అప్పుడు అడ్డుచెప్పుటకు రాష్ట్రములకు నోరుండదు. అందుచేత తీర్పు సరియైనదనియే మా తలంపు, దాని ఫలము సభ్యునకు చేదైనను.

ప్రాథమిక హక్కులలో చేరిన మాటను ఆ తీర్పు ముట్టలేదు. సగము రాష్ట్రముల సమ్మతితో ఆ భాగమును మరల తెచ్చుటకు అడ్డంకియు లేదు. అది జరుగునంతవరకు, తొలగింపబడిన పాలకవర్గమునకు మరల ఎన్నిక ఎప్పుడని అడుగు చెరకు రైతు, సమాధానమును రాష్ట్ర శాసనసభ చేసిన 1964 చట్టములోను, దాని సవరణలలోను వెదకుకొనవలసియున్నది.