నడిమి అక్షరం

ముందు మీ చేతుల్లో ఉన్న కరపత్రం సంగతి తేల్చుకుందాం. నేను పంపిన శీర్షిక ‘హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలలో, లేని స్త్రీలలో హెచ్‌పీవీ’. అచ్చయి వచ్చింది చూడండి. రెండుచోట్లా హెచ్‌ఐవీయే. ప్రెస్సు కుర్రాణ్ణి అడిగితే, “మీరే తప్పు రాశారనుకుని దిద్దాను మేడమ్” అన్నాడు. అతణ్ణి ఎవరూ ఏమీ అనకండి, నాకు ఉపోద్ఘాతం వెతుక్కునే పని తప్పించాడు. సరిగ్గా ఈ దిద్దుబాటే ఒక మనిషి కాపురం మీదికి తెచ్చింది.

ఆవిడ టైలరు. నలభై దాటాయి. జాకెట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఎక్కడో క్యాంపులో పరీక్ష చేయించుకుంటే ‘హెచ్‌పీవీ పాజిటివ్’ అని కాగితం వచ్చింది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు దాన్ని చదివి, మొగుణ్ణి పక్కకు పిలిచి “ఆ జబ్బే” అన్నాడు. ఇంకేముంది! సాయంత్రానికల్లా ఆవిడ కంచం వేరు, గ్లాసు వేరు. ఎవరూ పొరపాటున తాగకుండా అత్తగారు ఆ స్టీలు గ్లాసు అడుగున గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టింది. కుట్టడానికి ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుడ్డలు పట్టుకుపోయారు. కత్తిరించి పెట్టినవి కూడా! కత్తిరించిన జాకెట్టు ముక్కలు ఇంటికి పట్టుకుపోయి ఏం చేసుకుంటారండీ?

పదకొండు రోజులు అలా గడిచాయి. పన్నెండో రోజు తమ్ముడు నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆవిడ సంచిలోంచి ముందు గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది, తర్వాత కాగితం. “మీ ఆస్పత్రి గ్లాసు ఎందుకు పాడుచెయ్యడమని తెచ్చుకున్నానమ్మా” అంది. నేను హెచ్‌ఐవీ పరీక్ష చేయించాను. లేదు. మొగుడు మటుకు వదల్లేదు: “మరి పాజిటివ్ అనుంది కదా మేడమ్?” నాయనా, దేనికి పాజిటివ్? నడిమి అక్షరం చూశావా?

అక్కడితో ఆగితే కథ బాగానే ఉంటుంది. పాపం, తప్పుగా అనుకున్నారు, నిజం తేలింది, గ్లాసు కలిసిపోయింది. కానీ నా కోపం అది కాదు. నిజంగానే హెచ్‌ఐవీ ఉందనుకోండి, అప్పుడు ఆ ఎర్రచుక్క సబబేనా? గ్లాసుతో రాదు, కంచంతో రాదు, జాకెట్టు కొలతలు తీసుకుంటే రాదు. ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. వెనక వరసలో ఒక తమ్ముడు నవ్వుతున్నాడు. నవ్వు, కానీ ఇంటికెళ్లి మీ అమ్మగారికి చెప్పు.

సరే, హెచ్‌పీవీ. రెండొందలకు పైగా రకాలున్నాయి. కొన్ని పులిపిర్లతో సరిపెడతాయి. క్యాన్సర్ దాకా తీసుకెళ్లగలిగినవి పధ్నాలుగు దాకా ఉంటాయి. అందులోనూ 16, 18 నంబర్లు రెండే గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సర్లలో నూటికి డెబ్బైకి కారణం. జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో పదహారుని, మరుసటేడు పద్దెనిమిదిని పట్టుకుంది. అంతకుముందు చాలామంది హెర్పిస్ వైరస్‌నే అనుమానిస్తుండేవారు. ఆయనకు నోబెల్ 2008లో వచ్చింది.

ఇది ఎవరికి వస్తుంది? దాంపత్యం మొదలైన చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మగవాళ్లకూ వస్తుంది. నూటికి తొంభై మందిలో రెండేళ్లలోపే దానంతటది పోతుంది. పాజిటివ్ అంటే నడత మీద తీర్పు కాదు. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి, ఎప్పుడో పరీక్షలో బయటపడొచ్చు. ఎవరి నుంచి, ఎప్పుడు అని పంచాయితీ పెడితే తేలదు, పెట్టకండి.

టైలరమ్మకు నేను చెప్పినట్టే మీకూ చెప్తాను. జాకెట్టుకు అస్తరు ఉన్నట్టు గర్భసంచి మూతికీ అస్తరు ఉంటుంది. ఈ వైరస్ ఆ అస్తరు అట్టడుగు పొరలో దూరుతుంది. నెత్తుట్లోకి దిగదు. అందుకే ఒంట్లోని కాపలాకి తొందరగా కనబడదు. “పురుగు పట్టిన గుడ్డ పైకి బాగానే ఉంటుంది, అట్లాగానా?” అంది ఆవిడ. అట్లాగే తల్లీ. పాతికేళ్ల సర్వీసులో నా విద్యార్థులెవరూ ఇంత బాగా చెప్పలేదు.

ఇప్పుడు హెచ్‌ఐవీ ఉన్న స్త్రీ సంగతికి రండి. కాపలా కాసేవాళ్లలో పెద్దలు సీడీ4 కణాలు. హెచ్‌ఐవీ తినేది వాటినే. దాంతో వేరేవాళ్లలో రెండేళ్లలో పోవాల్సిన హెచ్‌పీవీ ఇక్కడ తిష్ఠ వేస్తుంది. ఒక రకం కాదు, ఒక్కోసారి మూడు నాలుగు రకాలు కలిసి కూర్చుంటాయి. ఫలితం, ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు. కాపలా బాగున్న ఒంట్లో వైరస్ క్యాన్సర్‌గా మారడానికి 15 నుంచి 20 ఏళ్లు పడితే, మందులు వాడని హెచ్‌ఐవీ ఉన్నచోట 5 నుంచి 10 ఏళ్లు చాలు. ఇందులో ఒక విచిత్రం ఉంది. పదహారో నంబరు మహా టక్కరిది, మంచి కాపలాని కూడా ఏమారుస్తుంది. అందుకే సీడీ4 పడిపోయినప్పుడు దానికి కొత్తగా కలిసొచ్చేది తక్కువ, మిగతా రకాలకే ఎక్కువ. వ్యవహారం ఎదురుదారిలో కూడా నడుస్తుంది. హెచ్‌పీవీ ఉన్న స్త్రీకి హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు రెట్టింపు.

2004 ఏప్రిల్ నుంచి మన దేశంలో హెచ్‌ఐవీ మందులు ఉచితం. తొందరగా మొదలుపెట్టి మానకుండా వేసుకుంటే ఈ క్యాన్సర్ ముప్పూ తగ్గుతుంది, కానీ సున్నా కాదు. నా దగ్గరికి ఒకామె వచ్చింది. పదకొండేళ్లుగా ఒక్క పూట తప్పకుండా మాత్రలు వేసుకుంటోంది. వైరల్ లోడు కనబడనంత తక్కువ. పుస్తకం నిండా సంతకాలు, బరువు, సీడీ4. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి నెలనెలా వెళ్లింది. పదకొండేళ్లలో ఒక్కరూ “అమ్మా, బల్ల ఎక్కు, లోపల చూస్తాను” అనలేదు. మధ్యలో నెత్తురు కనబడుతోందని నా దగ్గరికి వచ్చేసరికి ఆపరేషన్ దశ దాటిపోయింది.

మరోపక్క ఆపరేషన్ అక్కర్లేనివాళ్లకు ఆపరేషన్! ఇది చెప్పకుండా మైకు వదలను, కార్యదర్శిగారు ఏమీ అనుకోవద్దు. తెల్లబట్ట అవుతోందని వెళ్తుంది ముప్ఫై ఏళ్ల పిల్ల. స్కానింగ్ తీస్తారు. “సంచికి పుండైంది, తియ్యకపోతే క్యాన్సరే.” బంగారం కుదువపెట్టి తీయించుకుంటుంది. ఆ ‘పుండు’ చాలాసార్లు పుండే కాదండీ, లోపలి పొర కాస్త బయటికి కనబడుతోందంతే. క్యాన్సర్‌కి ముందొచ్చే మార్పులు స్కానింగ్‌లో కనబడవు కూడా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15-49 ఏళ్ల స్త్రీలలో సంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, మన తెలంగాణలో 7.7. తర్వాతి సర్వేలో, ముప్ఫై నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశంలో 1.9 శాతం. అర్థమైందా? అవయవం తీసేస్తాం గానీ పరీక్ష మటుకు చెయ్యం!

ఖమ్మంలో నిలబడి హెచ్‌పీవీ టీకా మాట ఎత్తకపోతే మీరే అడుగుతారు. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పధ్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేశారు. ఇక్కడా, గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఏం తేలింది? ఒక పిల్ల క్వారీ నీళ్లలో మునిగి, ఒక పిల్ల పాము కాటుతో, ఇద్దరు పురుగులమందు తాగి, ఒక పిల్ల మలేరియాతో పోయారు. మిగిలిన రెండు చావులకు కారణం అంత స్పష్టంగా తేలలేదు గానీ, టీకా చంపిందని కమిటీ చెప్పలేదు. “టీకాతో చచ్చిపోయారు” అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. “అంతా సవ్యంగానే జరిగింది” అనేవాళ్లతో అంతకంటే పెద్ద పేచీ ఉంది. ఆశ్రమ పాఠశాలల్లో అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అడవి పల్లె నుంచి పిల్లను హాస్టల్లో వదిలివెళ్లిన తల్లిని అడగకుండా సూది పొడిస్తే, ఆ తర్వాత ఎంత మంచి టీకా తెచ్చినా ఆమె తలుపు వేసుకుంటుంది. తప్పు ఆమెది కాదు.

గడియారం చూపిస్తున్నారు. మిగతావి గబగబా.

పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది: హెచ్‌ఐవీ లేనివాళ్లు ముప్ఫై నుంచి, హెచ్‌పీవీ పరీక్ష ఐదు నుంచి పదేళ్లకోసారి. హెచ్‌ఐవీ ఉంటే పాతికేళ్ల నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి. వీళ్లలో పాజిటివ్ ఎక్కువమందికి వస్తుంది కాబట్టి వెంటనే వైద్యానికి దిగకుండా రెండో పరీక్షతో వడకడతారు. మహారాష్ట్రలో అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్లలో, ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. ఆ పరీక్షకు డబ్బు లేదంటారా, వెనిగర్ ఉంది. పల్చని వెనిగర్ అద్ది ఒక్క నిమిషం ఆగితే మార్పున్న చోట తెల్లబడుతుంది. జాంబియా రాజధాని లుసాకాలో 2006 నుంచి నర్సులే హెచ్‌ఐవీ క్లినిక్కుల పక్కన ఈ పని చేస్తూ వచ్చారు, మామూలు డిజిటల్ కెమెరాతో ఫొటో తీసి డాక్టరుకు చూపించి మరీ.

టీకా. తొమ్మిది నుంచి ఇరవై ఏళ్లలోపు ఒకటో రెండో డోసులు. హెచ్‌ఐవీ ఉంటే మూడు, కనీసం రెండు. మన దేశపు టీకా సెర్వావ్యాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. టీకా వేసుకున్నా వయసొచ్చాక పరీక్ష మానకూడదు.

ప్రశ్నల చీటీలు ఇటివ్వండి. పేర్లు రాయకండని ముందే చెప్పాను, అయినా ఒకరు ఇంటిపేరుతో సహా రాశారు. ఇది చించేస్తున్నాను. మొదటి చీటీ: “సంచి తీయించుకున్నాను, నాకూ పరీక్ష కావాలా?” అమ్మా, సంచి తీసి మూతి వదిలేసి ఉంటే కావాలి. మూతి కూడా తీసి, అంతకుముందు మార్పులేమీ లేకపోతే అక్కర్లేదు. మార్పులున్నాయని తీసి ఉంటే, ముఖ్యంగా హెచ్‌ఐవీ కూడా ఉంటే, పైన కుట్టిన చోటు చూస్తూ ఉండాలి. అది నోటిమాటతో తేలదు, డిశ్చార్జి కాగితం కావాలి. బీరువాలో చీరల కింద ఉంటుంది, వెతకండి. రేపు పదింటికి పట్టుకురండి.