రాష్ట్ర పరీక్షలు - ప్రపంచ పరీక్షలు

ధాన్యము కొలుచువాడు తన కుంచమును తానే చేయించుకొన్నచో, కొన్నవాని యింట ఎన్ని గింజలు చేరినవో చెప్పుట కష్టము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పిల్లల గణిత పరీక్షల విషయమున కొన్నియేండ్లు జరిగినది దాదాపు ఇదియే.

అచ్చట విద్య రాష్ట్రముల యధీనము. 2002లో అమలునకు వచ్చిన కేంద్ర శాసనము, 2014 నాటికి పిల్లలందరును చదువునను గణితమునను 'ప్రవీణులు' కావలెనన్నది. ప్రావీణ్యమనగా నెంతయో నిర్ణయించు పని మాత్రము రాష్ట్రములకే వదలినది. ఇక నేమున్నది! గీత దించినచో ఉత్తీర్ణులు పెరుగుదురు. కొన్ని రాష్ట్రముల 'ప్రవీణత', 1969 నుండి దేశమంతటను జరుగుచున్న నేషనల్ అసెస్‌మెంట్ కొలతలో 'ప్రాథమిక' స్థాయికిని అందలేదు. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. మనుమడు లెక్కలలో ప్రవీణుడని జాబు వచ్చినప్పుడు తాతగారు సంతోషింపవలసినదే. పిమ్మట, ఏ రాష్ట్రపు ప్రావీణ్యమని అడుగవచ్చును.

ఇట్టిచోట బయటి కొలబద్ద అవసరము. 1995లో మొదలై నాలుగేండ్ల కొకమారు జరుగు 'టిమ్స్' పరీక్ష నాల్గవ, ఎనిమిదవ తరగతుల పిల్లలు గణిత విజ్ఞానశాస్త్రముల పాఠములను ఎంత నేర్చిరో చూచును. 2000లో ఆరంభమైన 'పీసా', పదునైదేండ్ల వారు నేర్చినదానిని జీవితమున ఎట్లు వినియోగింపగలరో చూచును. ఈ రెంటిని కలగాపులగము చేయుట పత్రికలకు అలవాటు, అది తగదు.

2011లో తొమ్మిది అమెరికా రాష్ట్రములు, స్వతంత్ర దేశములవలె, టిమ్స్ ఎనిమిదవ తరగతి పరీక్షకు నిలిచినవి. గణితమున దేశపు సగటు 509; మాసచూసెట్స్‌ది 561, అలబామాది 466. ఒకే జెండా క్రింద 95 పాయింట్ల అంతరము! విజ్ఞానశాస్త్రమున మాసచూసెట్స్ 567 పొందగా, దానికి పైన నిలిచినది 590 పొందిన సింగపూరు ఒక్కటియే. అమెరికా పిల్లలు వెనుకబడిరని వినుచుందుము. ఏ అమెరికా పిల్లలు? తక్కిన రాష్ట్రములకు నేషనల్ అసెస్‌మెంట్ మార్కులనుండి టిమ్స్ మార్కులను అంచనా కట్టిరి. ఆ తొమ్మిదింటి నిజఫలితములు అంచనాను సరిచూచుటకు అక్కరకు వచ్చినవి.

మన దేశమునుండి తమిళనాడు, హిమాచల ప్రదేశములు 2009 నాటి పీసా పరంపరలో చేరినవి. 2011లో వెలువడిన ఫలితములలో గణితమున తమిళనాడుకు 351, హిమాచల్‌కు 338. రెండును పట్టిక అడుగునకు చేరువగా నిలిచినవి. ప్రశ్నలు మన పిల్లల పరిసరములకు పొసగవని ప్రభుత్వము వాదించినది. ఆ వాదమున కొంత నిజముండవచ్చును. కాని 2012 పరీక్షకు మన రాష్ట్రమేదియు వెళ్లలేదు.